స్టాఫ్‌ని నిలబెట్టుకోవాలంటే ఈసాప్ ఇస్తే చాలా?

ప్రశ్న (నెల్లూరు): రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ మాది, మొత్తం ఆరుగురం. ముత్తుకూరు వైపు చెరువులు చూసే కుర్రాడు మానేస్తానంటున్నాడు. జీతం ఇప్పట్లో పెంచలేను, ఈసాప్ (కంపెనీ షేర్లను ముందే అనుకున్న ధరకు తర్వాత కొనుక్కునే హక్కు) ఇస్తే ఉంటాడా?

ఒంగోలు నుంచి: ఇవ్వండి, కానీ కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. కనీసం ఏడాది దాటాకే హక్కు వస్తుంది, చాలా కంపెనీలు ఆ హక్కును 4 ఏళ్లలో కొంచెం కొంచెంగా ఇస్తాయి, షేర్లుగా మార్చుకున్నప్పుడు, అప్పటి విలువకీ కట్టిన ధరకీ ఉన్న తేడా మీద జీతంలాగే పన్ను పడుతుంది, తర్వాత కొనేవాళ్లు దొరక్కపోతే చేతికి రూపాయి రాదు. ఇవన్నీ దాచి "నువ్వూ ఓనరువే" అనడం మోసం.

కావలి నుంచి: అన్నా, నేను ఫీల్డులో చేసినవాణ్ణే. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది కాబట్టి ఆ టైముకి గట్టు మీదుండాలి, మళ్లీ పదింటికి ఆఫీసు మీటింగ్ అంటే మనిషి ఎట్లా తట్టుకుంటాడు? పెట్రోలు డబ్బులు నెలాఖరు దాకా ఆపొద్దు. జీతం ఒకటో తేదీన పడాలి. షేర్ల మాట ఆ తర్వాత. పీఎఫ్ కూడా పెట్టండి, 20 మంది లేకపోయినా స్వచ్ఛందంగా చేరొచ్చు.

నెల్లూరు: పీఎఫ్‌కి అందరూ ఒప్పుకోవాలా?

కావలి నుంచి: అక్కర్లేదన్నా, మీరూ, స్టాఫ్‌లో ఎక్కువమందీ ఒప్పుకుంటే చాలు.