ఒకే ఇంటిపేరు గల వ్యక్తులను గ్రంథాలయాల్లో, ఆర్కైవ్స్‌లో వెతికేటప్పుడు ఎవరు ఎవరో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. మిల్లర్ అనే ఇంటిపేరుతో పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో ముద్రణ, ప్రచురణ రంగాల్లో పనిచేసిన వారి వివరాలు సేకరిస్తున్నాను. గ్రంథాలయాల కేటలాగుల్లో పేర్లు బాగానే దొరుకుతున్నాయి కానీ, ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరం ఉన్న పుస్తకాలు నలభై ఏళ్ల తేడాతో కనిపించినప్పుడు అవి ఒకరివో, తండ్రీకొడుకులవో, సంబంధం లేని ఇద్దరివో తెలియడం లేదు. ఆర్కైవ్స్ వెబ్‌సైట్లలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉంది. దస్త్రాలు ఉండి తీరాలని అనిపించే చోట కూడా ఇంటిపేరు కొట్టి వెతికితే ఏమీ రావడం లేదు. జర్మన్ మూలాలున్న ముల్లర్‌లను కూడా ఇందులో కలుపుకోవాలా అన్నది మరో సందేహం. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం 1 (గ్రంథాలయ కేటలాగు విభాగంలో పనిచేసినవారు)

కేటలాగులో కనిపించే పేరు వెనుక అథారిటీ ఫైలు అనేది ఒకటి ఉంటుంది. ఒక రచయిత పేరును ఏ రూపంలో రాయాలి, అదే పేరున్న మరొకరి నుంచి ఆయనను ఎలా వేరుచేయాలి అన్న నిర్ణయాలు అందులో నమోదవుతాయి. సాధారణంగా పేరు పక్కన జనన మరణ సంవత్సరాలు చేర్చి ఈ తేడా చూపుతారు. అనేక దేశాల జాతీయ గ్రంథాలయాలు తయారుచేసుకున్న ఇలాంటి ఫైళ్లను ఒకచోట కలిపి చూపేది వయాఫ్. వ్యక్తికి పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఇచ్చేది ఇస్నీ. ముందుగా ఈ రెండూ చూడండి.

అయితే వాటిని చివరి మాటగా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. తగిన ఆధారం దొరకనప్పుడు ఒకే పేరున్న నలుగురైదుగురిని ఒకే నమోదు కింద ఉంచడం కేటలాగింగులో చాలాకాలం సాగిన పద్ధతి. కేటలాగు చేసినవారి చేతిలో ఉన్నది చాలాసార్లు పుస్తకం ఒక్కటే. ఆ మనిషి జీవితం వారికి తెలియదు. అందువల్ల మీరు పుస్తకం దాకా వెళ్లాలి. ముఖపత్రం మీద అడుగున ముద్రాపకుని వీధి, ఇంటి సంఖ్య ఉంటాయి. ఆ చిరునామాను అదే ఏడాది వ్యాపార డైరెక్టరీలో, ఆ తర్వాతి సంవత్సరాల డైరెక్టరీల్లో వరుసగా చూస్తూ పోతే, దుకాణం ఎప్పుడు చేతులు మారిందో, "అండ్ సన్" అన్న మాట ఏ ఏట చేరిందో తెలుస్తుంది. మీ నలభై ఏళ్ల చిక్కు చాలావరకు అక్కడే విడిపోతుంది.

లండన్ ముద్రాపకులైతే స్టేషనర్స్ కంపెనీ (ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల వృత్తి సంఘం) అప్రెంటిస్ నమోదులు తప్పక చూడవలసినవి. ఆ నమోదుల్లో కుర్రవాడి పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, వృత్తి, ఏ యజమాని దగ్గర ఎన్నేళ్లకు కుదిరాడన్నది రాసి ఉంటాయి. ఒక్క వాక్యంలో రెండు తరాలు దొరికే ఆధారం ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

సమాధానం 2 (ఆర్కైవ్స్‌లో పనిచేసేవారు)

ఇంటిపేరు కొడితే ఏమీ రాకపోవడానికి కారణం ఆర్కైవ్స్ అమరికలోనే ఉంది. గ్రంథాలయం పుస్తకాన్ని రచయిత పేరుతోనూ విషయంతోనూ పట్టుకుంటుంది. ఆర్కైవ్స్ మాత్రం కాగితాలను అవి ఏ కార్యాలయంలో పుట్టాయో ఆ కార్యాలయం పేరు కిందే, వీలైనంతవరకు అక్కడి వరుసలోనే ఉంచుతుంది. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ద్వారా ఈ సూత్రాన్ని స్థిరపరచింది. ఆ తర్వాత ఇతర దేశాలూ దీన్నే అనుసరించాయి. పైగా సూచికలు చాలాసార్లు పెట్టె దాకానో, కట్ట దాకానో మాత్రమే వస్తాయి. ఆ కట్టలోని మూడు వందల ఉత్తరాల్లో మీ మిల్లర్ ఉత్తరం ఉన్నా ఆ పేరు సూచికకు ఎక్కి ఉండదు.

కాబట్టి "మిల్లర్ ఎక్కడ ఉన్నాడు" అని కాకుండా "మిల్లర్ గురించి రాయవలసిన అవసరం ఏ కార్యాలయానికి కలిగింది" అని అడగాలి. అప్పులపాలైతే దివాలా కోర్టుకు, ఆస్తి వదిలి మరణిస్తే వీలునామాల కోర్టుకు, భాగస్వామితో తగవు పడితే అలాంటి ఆస్తి, వ్యాపార వివాదాలు విచారించే ఛాన్సరీ కోర్టుకు ఆ అవసరం కలుగుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌కు సంబంధించి 1858 జనవరికి ముందు వీలునామాలు చర్చి కోర్టుల అధీనంలో ఉండేవి. వాటిలో పెద్దదైన కాంటర్‌బరీ ప్రిరోగటివ్ కోర్టు వీలునామాలు 1384 నుంచి 1858 వరకు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1858 తర్వాత ఏటా అచ్చయిన ప్రోబేట్ కేలండరులో (కోర్టు ఆమోదించిన వీలునామాల, ఆస్తి అప్పగింతల జాబితాలో) మరణించిన తేదీ, చిరునామా, చాలాచోట్ల వృత్తి, ఆస్తి ఎవరి చేతికి అప్పగించారన్నది కూడా ఉంటాయి. భార్య, కొడుకు, సోదరుడు అన్న బంధుత్వం అక్కడే తేలిపోతుంది.

ఇంకొక మాట. దస్త్రం దొరకనంత మాత్రాన మనిషి లేడని రాసుకోవద్దు. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయం తగలబడినప్పుడు అక్కడి పబ్లిక్ రికార్డ్ ఆఫీసులోని శతాబ్దాల ఐరిష్ దస్త్రాలు బూడిదయ్యాయి. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల అమెరికా 1890 జనాభా లెక్కల పత్రాల్లో చాలా భాగం పోయింది. మీ మిల్లర్‌లలో ఎవరైనా ఐర్లాండుకో, అమెరికాకో వెళ్లి ఉంటే ఈ ఖాళీలు ముందే తెలిసి ఉండాలి. లేకపోతే అదే పేరున్న మరొకరిని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

సమాధానం 3

ముల్లర్ విషయంలో నా అభిప్రాయం: వెతికేటప్పుడు కలుపుకోండి, రాసుకునేటప్పుడు విడివిడిగా ఉంచండి. వలస వచ్చిన ముల్లర్‌లు ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో మిల్లర్‌లుగా మారడం తరచూ జరిగింది.

శబ్దం ఆధారంగా వెతికే సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు లభించింది. అది పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తర్వాతి హల్లులకు మూడు అంకెలు ఇస్తుంది. దాని ప్రకారం మిల్లర్, ముల్లర్ రెండూ ఎం460 కిందికే వస్తాయి, కనుక ఒక్క వెతుకులాటతో రెండూ దొరుకుతాయి. అయితే మాలరీ, మాలర్ కూడా అక్కడికే వచ్చి చేరతాయి కాబట్టి వడకట్టుకోవడం మీ పని. మొదటి అక్షరం మారితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. కె అక్షరంతో రాసిన క్రేమర్‌ను, సి అక్షరంతో రాసిన క్రేమర్‌ను అది వేర్వేరు చోట్ల పెడుతుంది. తూర్పు ఐరోపా యూదుల ఇంటిపేర్లకు దీనికంటే 1985లో వచ్చిన డైచ్–మోకోటాఫ్ పద్ధతి మేలు.

పాత పత్రికల్లో వెతికేటప్పుడు యంత్రం అక్షరాలను తప్పుగా చదివే అవకాశాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దపు అచ్చులో పదం మధ్యలోని ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది, అందుకే విల్సన్ అన్న పేరు విల్ఫన్‌గా నమోదవుతుంది. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ అనే వెబ్‌సైటులోని పాత పత్రికల్లో పాఠకులే ఇలాంటి తప్పులను సరిదిద్దవచ్చు.

సమాధానం 4

పైవారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చుతాను. మిల్లర్ వృత్తిని బట్టి వచ్చిన పేరు. పిండిమర ఉన్న ప్రతిచోటా అది విడిగా పుట్టి ఉండవచ్చు. పేరు ఒకటైతే వంశం ఒకటి కాదు. టర్కీలో 1934 నాటి చట్టంతో జనమంతా ఇంటిపేర్లు పెట్టుకోవలసి వచ్చింది, కాబట్టి ఏ బంధుత్వమూ లేని కుటుంబాలు ఒకే పేరు ఎంచుకున్నాయి. అందువల్ల ప్రతి కుటుంబాన్నీ ఒక ప్రత్యేక గుంపుగా రాసుకుని, రెండు గుంపులను కలిపే కాగితం చేతికి వచ్చేదాకా కలపకండి. ప్రతి నమోదులోనూ పేరును మూలంలో ఉన్న అక్షరాలతోనే దించుకోండి. ఒకే ఇంటిపేరు మీద పరిశోధన చేసేవారి కోసం 1979లో బ్రిటన్‌లో ఏర్పడిన గిల్డ్ ఆఫ్ వన్ నేమ్ స్టడీస్‌లో మీ పేరును ఎవరైనా ఇప్పటికే నమోదు చేశారేమో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. డైరెక్టరీలతో మొదలుపెడతాను. పెళ్లితో ఇంటిపేరు మారిన స్త్రీలను ఎలా పట్టుకోవాలో కూడా చెప్పగలరా?

సమాధానం 2 రాసినవారు

స్కాట్లండ్ దస్త్రాలు ఈ విషయంలో ఎంతో ఉదారమైనవి. 1855లో అక్కడ ప్రభుత్వ నమోదు మొదలైనప్పటి నుంచీ మరణ నమోదులో తల్లిదండ్రులిద్దరి పేర్లతో పాటు తల్లి పుట్టింటి పేరు కోసమూ చోటు ఉంది. ఇంగ్లండ్ మరణ నమోదుల్లో అది లేదు కనుక అక్కడ వివాహ నమోదును, తండ్రి వీలునామాను జత చేసి చూడాలి. పెళ్లయిన కూతురిని తండ్రి తన వీలునామాలో అత్తింటి పేరుతోనే ప్రస్తావిస్తాడు. ముద్రాపకుల కుటుంబాల్లో భర్త పోయాక భార్యే దుకాణం నడిపిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. కాబట్టి డైరెక్టరీలో అదే చిరునామా దగ్గర పురుషుని పేరు పోయి "మిసెస్" అని కనిపించిన ఏడాదిని గుర్తుపెట్టుకుని, దానికి ముందు రెండు మూడేళ్ల ప్రోబేట్ కేలండర్లలో భర్త పేరు వెతకండి.