ఐరన్ అయాన్లలో ఎలక్ట్రాన్లున్న ఆర్బిటాళ్లను ఎలా లెక్కించాలి?

ఫెర్రిక్ అయాన్‌లో (మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఐరన్, Fe³⁺) ఎలక్ట్రాన్లున్న ఆర్బిటాళ్లు (గరిష్ఠంగా రెండేసి ఎలక్ట్రాన్లు ఉండగల స్థానాలు) ఎన్ని అన్న ప్రశ్నకు ఇంటర్ విద్యార్థులకు ఏ సమాధానం చెప్పాలో, విషయం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

తటస్థ ఐరన్ పరమాణువులోని 26 ఎలక్ట్రాన్లలో, ఆర్గాన్ విన్యాసం వరకు ఉన్న 18 ఎలక్ట్రాన్లు 9 ఆర్బిటాళ్లను నింపగా, 3డిలోని 6 ఎలక్ట్రాన్లు హుండ్ నియమం (జతకట్టే ముందు ఒక్కో ఆర్బిటాల్‌లో ఒక్కో ఎలక్ట్రాన్ చేరాలన్నది) ప్రకారం ఐదు ఆర్బిటాళ్లలోనూ సర్దుకుంటాయి కనుక, 4ఎస్‌తో కలిపి మొత్తం 15 అవుతాయి. అయాన్‌గా మారేటప్పుడు ముందుగా పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే (పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే) కాబట్టి, రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఫెర్రస్ అయాన్‌కు (Fe²⁺) 14 వస్తాయి. 3డి నుంచి మరో ఎలక్ట్రాన్ పోయినా ఒక్క ఆర్బిటాల్ కూడా ఖాళీ కాదు కనుక ఫెర్రిక్ అయాన్‌కూ 14 వస్తాయి. ఇంతవరకు నాకు సందేహం లేదు.

అయితే ఒక అభ్యాస పుస్తకంలో ఫెర్రిక్‌కు జవాబు 9 అని ఉంది. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ఆర్బిటాల్‌ను లెక్కలోకి తీసుకోకూడదన్న నియమం ఏదైనా ఉన్నదా? అలాగే ఫెర్రిసయనైడ్‌లో (ఫెర్రిక్ అయాన్ చుట్టూ ఆరు సయనైడ్ అయాన్లున్న సంక్లిష్ట అయాన్) సయనైడ్ బలమైన లైగాండ్ (లోహానికి ఎలక్ట్రాన్ జంటను ఇచ్చి బంధపడేది) కావడం వల్ల ఐదు 3డి ఎలక్ట్రాన్లూ మూడు ఆర్బిటాళ్లకే పరిమితమవుతాయి కదా. అక్కడ ఐరన్‌కు 12 అని చెప్పవచ్చునా, లేక లైగాండ్లు ఇచ్చే ఎలక్ట్రాన్ జంటలు చేరే ఆర్బిటాళ్లను కూడా కలపవలసి ఉంటుందా?