డిమెన్షియాను ముందే అడ్డుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

గణాంకుడు: సూటిగా అడుగుతున్నాను. డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బుకు దారితీసే 14 ముప్పు కారకాలను తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ తేల్చింది. రక్తపోటు, పొగతాగడం, మధుమేహం, వినికిడి లోపం, ఒంటరితనం, చిన్నప్పుడు చదువు అందకపోవడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఈ జబ్బుకు 2019లో ప్రపంచం పెట్టిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పదోవంతు తగ్గినా నివారణకు పెట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగొస్తుంది. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి.

సందేహి: నాకుంది. ఆ 45 శాతం సాధ్యమయ్యేది కారకాలన్నీ పూర్తిగా పోతేనే, అవన్నీ జబ్బుకు అసలు కారణాలైతేనే. డెబ్బై ఏళ్లు దాటినవారికి చిన్నప్పటి చదువును ఇప్పుడెలా ఇస్తారు? అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. రక్తపోటు అదుపులో పెడితే గుండెపోటు తప్పుతుంది. తప్పించుకున్న మనిషి ఎనభై ఐదేళ్లకు చేరతాడు, డిమెన్షియా కాచుకుని ఉండేది అక్కడే. నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ఒక లెక్క వేశారు. జీవితకాలం మొత్తానికి చూస్తే వైద్య ఖర్చు ఎక్కువయ్యేది ఆరోగ్యవంతులకే, తక్కువయ్యేది పొగతాగేవారికి. కారణం ఆయుష్షు.

గణాంకుడు: అయితే అందరికీ చుట్టలు పంచమంటారా?

సందేహి: మంచి పని అనడం వేరు, డబ్బు మిగులుతుందనడం వేరు. మీరన్నది రెండోది.

ఇంటి మనిషి: మీ ఇద్దరి లెక్కల్లోనూ నేను లేను. అమ్మను ఆరేళ్లు చూసుకున్నాను. ఒక వారం పాటు అన్నీ రాసి తీసుకురమ్మని డాక్టరు చెబితే నోటుపుస్తకం పెట్టాను. అందులో ఒక పేజీ: "రాత్రి 2:10, తలుపు గడియ చప్పుడు. బడికి ఆలస్యమవుతోందట. 2:40, మళ్లీ గడియ. 3:15, ఈసారి సంచీ కూడా సర్దుకుంది." ఆమె టీచరుగా విరమణ పొంది అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆ వారం నేను చేసిన సేవ మొత్తం కూడితే 71 గంటలు. నలభై ఏడేళ్ల వయసులో ఉద్యోగం మానేశాను.

సందేహి గారూ, ఆ నెదర్లాండ్స్ లెక్కలో ఉన్నది వైద్య ఖర్చు మాత్రమే. 1.3 లక్షల కోట్లలో సుమారు సగం ఇంట్లోవాళ్లు జీతం లేకుండా చేసే సేవ విలువ. ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవేనని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు రెండేళ్లు ఆలస్యంగా వస్తే ఖజానాకు ఖర్చు వాయిదా పడుతుందేమో కానీ, నాకు మిగిలేది రెండేళ్ల జీతం.

సందేహి: ఒప్పుకుంటున్నాను, ఆ పద్దు నేను వదిలేశాను. కానీ అసలు ముడి అక్కడే ఉంది. నివారణకు డబ్బు పోయేది ఆరోగ్య బడ్జెట్ నుంచి, లాభం చేరేది మీ ఇంటికి. పద్దు చూసే అధికారికి ఆదా ఎక్కడా కనబడదు.

మరో ఇంటి మనిషి: మీ జాబితాలో వినికిడి లోపం ఉంది కదా, వినికిడి యంత్రం కొనిచ్చినంత మాత్రాన నివారణ అయిపోదు. వినికిడి యంత్రాల మీద 2023లో ఫలితాలు వెలువడిన అచీవ్ అనే వైద్య ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మంది పాల్గొన్నారు. మూడేళ్ల తర్వాత మొత్తం మీద చూస్తే యంత్రం ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ తేడా లేదు. ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తక్కువ. డిమెన్షియా తగ్గిందని కాదు, అది గమనించాలి. పైగా వాళ్లకు నిపుణులు పలుమార్లు కూర్చోబెట్టి వాడకం నేర్పారు. మా నాన్నగారి యంత్రం సొరుగులోనే ఉండిపోయింది. గోరంత బ్యాటరీ మార్చడానికి వణికే వేళ్లు సహకరించలేదు, పెట్టుకుంటే ఈల వేసేది. ఖర్చయితే పూర్తిగా అయింది.

గణాంకుడు: అందుకే మనిషి మనిషినీ పట్టుకుని మార్చే పనులకన్నా పొగాకు పన్ను, తయారీ ఆహారంలో ఉప్పుకు పరిమితి, గాలి కాలుష్యానికి కళ్లెం వంటివి మేలంటాను. వీటికి సొరుగు బెడద లేదు, పన్నయితే ఎదురు డబ్బు తెస్తుంది. "వడ్డీతో సహా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సందేహి: ఇంటి మనిషి గారూ, ఒక్క సందేహం. మీ గంటకు విలువ ఎలా కట్టాలి? మీరు వదులుకున్న జీతం లెక్కనా, పనిమనిషిని పెట్టుకుంటే ఇచ్చే కూలి లెక్కనా? దీన్నిబట్టి మొత్తం అంకె తారుమారవుతుంది.

ఇంటి మనిషి: పగటి గంటలకు నా పాత జీతం వేయండి. రాత్రి 2:10కి ఏ రేటు వేస్తారో మీరే చెప్పండి.