రోజుల లెక్క సున్నాకు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచేనా?

నైట్‌షిఫ్టు:
నా వయసు 29. హైదరాబాదులో రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తున్నాను. పోర్న్ చూడటం మానేయాలని ఎనిమిది నెలలుగా ప్రయత్నిస్తున్నాను. మొదట రెడిట్‌లో ఇలా మానాలనుకునేవారి బృందమైన నోఫ్యాప్‌లో చేరాను, అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా ఒక టెలిగ్రామ్ గ్రూపులోకి వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగింటికి క్యాబ్ దిగి గదికి చేరాక, రూమ్మేట్లు నిద్రపోతున్న వేళ, "ఇప్పుడు కష్టంగా ఉంది" అని రాస్తే పది నిమిషాల్లో ఎవరో ఒకరు పలికేవారు. ఇంట్లో గాని స్నేహితుల దగ్గర గాని ఈ మాట ఎత్తలేని నాకు అది ఎంత ఊరటో చెప్పలేను.

అయితే పోయిన నెల, 41 రోజులు నిలబడ్డాక ఒక రాత్రి తప్పాను. గ్రూపు నియమం ప్రకారం పేరు పక్కనున్న అంకెను ఎవరికి వారే సున్నా చేసుకోవాలి. ఆ సున్నా కొట్టాక "ఎలాగూ పోయింది కదా" అనిపించి, మరో ఐదు రోజులు వరుసగా చూశాను. మానాలనుకోక ముందు కూడా అంతగా చూసిన గుర్తు లేదు. గ్రూపులో ఓదార్చినవారు ఉన్నారు. వీర్యం పోగొట్టుకున్నవాడికి ఏకాగ్రత ఎలా ఉంటుందని నలుగురిలో నిలదీసినవారూ ఉన్నారు. ఇలాంటి బృందాల్లో ఉండటం వల్ల మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా అన్నది నాకు తేలడం లేదు.

కాలువగట్టు:
నేను నాలుగేళ్ళుగా ఇటువంటి బృందాల్లో ఉన్నాను కనుక అనుభవం మీద చెబుతున్నాను. అన్నీ ఒకటి కావు. నోఫ్యాప్‌ను 2011లో అలెగ్జాండర్ రోడ్స్ అనే అమెరికన్ రెడిట్‌లో మొదలుపెట్టాడు. పోర్న్‌తో పాటు హస్తప్రయోగానికీ దూరంగా ఉండే సవాలుతో దానికి పేరు వచ్చింది. రెడిట్‌లోనే ఉన్న పోర్న్‌ఫ్రీ అనే మరో బృందంలో మానవలసింది పోర్న్ మాత్రమే, మిగతాది ఎవరి ఇష్టం వారిది. మీరు ఏది మానాలనుకుంటున్నారో ముందు మీకు స్పష్టం కావాలి. అది తేలకుండా చేరితే పక్కవాడు పెట్టుకున్న నియమం తప్పినందుకు మీరు కుమిలిపోవలసి వస్తుంది. నాకు మొదటి ఏడాది అంతా అదే జరిగింది.

నేను అంకె చూడటం మానేసి, తప్పిన ప్రతిసారీ అంతకు ముందు గంటలో ఏం జరిగిందో ఒక నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాయడం మొదలుపెట్టాను. రెండు నెలల తర్వాత తిరగేస్తే దాదాపు ప్రతి పేజీలోనూ మూడే సంగతులు కనిపించాయి: భోజనం చేయకపోవడం, ఎవరితోనో మాట పడటం, ఫోన్ మంచం మీద ఉండటం. మొదటి రెంటినీ నేను పూర్తిగా అదుపు చేయలేను గాని, మూడోది నా చేతిలో పని. అప్పటి నుంచి ఫోన్‌ను వంటింట్లో ఫ్రిజ్ మీదే చార్జింగుకు పెడుతున్నాను.

పీజీ_సైకియాట్రీ:
ఒక్కసారి తప్పగానే "ఎలాగూ పోయింది" అనుకొని పూర్తిగా జారిపోవడాన్ని అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త మద్యం మానేవారిలో గమనించి వివరించాడు. ఆయన చెప్పినదాని సారం ఏమిటంటే, తప్పిన సంఘటన కన్నా "నేనింతే" అని దానికి మనం చెప్పుకునే అర్థమే మనిషిని ఎక్కువగా కిందికి లాగుతుంది. సున్నా కొట్టమనే నియమం సరిగ్గా ఆ అర్థాన్నే మీ చేత చెప్పిస్తోంది.

రోగ నిర్ధారణ విషయానికి వస్తే, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకు ఒక పేరు ఉంది, కానీ దానిని వ్యసనాల కింద కాక, ప్రేరణలను నియంత్రించుకోలేని రుగ్మతల కింద చేర్చారు. పైగా, ఇది పాపం, తప్పు అన్న భావన వల్ల మాత్రమే కలిగే బాధ ఆ నిర్ధారణకు సరిపోదని అందులోనే రాశారు. చదువో ఉద్యోగమో సంబంధాలో దెబ్బ తింటున్నా మానలేకపోవడం నెలల తరబడి సాగితేనే అది వైద్యులు చూడవలసిన సంగతి.

వీర్యం మాట ఎత్తినవారి గురించి కూడా చెప్పాలి. వీర్యనష్టం వల్ల నీరసం వచ్చిందని బాధపడేవారిని మన దేశపు వైద్యులు ఎప్పటి నుంచో చూస్తున్నారు. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత" అని రాసి ఉండే ప్రకటనలు బతికేది ఆ భయం మీదే. వీర్యం పోయినందువల్ల ఏకాగ్రత పోదు; పోయిందన్న దిగులుతో పోవచ్చు. మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

తులసికోట:
ఇలాంటి చోట్ల అందరూ మగవారే ఉంటారని రాసేవారంతా అనుకుంటారు, ఆడవారమూ ఉంటాము. నేను ఒక గ్రూపు వదిలేసింది అంకెల వల్ల కాదు, నా పేరు చూసి ఇన్‌బాక్స్‌లోకి వచ్చినవారి వల్ల. కాబట్టి అడ్మిన్లు ఎంత గట్టిగా ఉంటారో చూడకుండా ఎక్కడా చేరవద్దు. తోడుగా ఉంటామంటూ ఫోన్ స్క్రీన్ చూపించమని అడిగేవారి దరిదాపులకు కూడా పోవద్దు.

కాలువగట్టు గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. నాకు అంకె పనికొచ్చింది, లెక్క కట్టే పద్ధతి మార్చుకున్నానంతే. మీరు చెప్పినదాని ప్రకారం 47 రోజుల్లో 41 రోజులు చూడలేదు. దానిని సున్నా అని రాయడం ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోని పని.

నైట్‌షిఫ్టు:
అందరికీ కృతజ్ఞతలు. టెలిగ్రామ్ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను, రెడిట్‌లో మాత్రం ఉంటాను. 41/47 అని డైరీలో రాసుకున్నాను. మా గదిలో ఫ్రిజ్ లేదు కనుక ఫోన్‌ను వంటగట్టు మీద బియ్యం డబ్బా పక్కన పెట్టాలని అనుకుంటున్నాను. రూమ్మేట్లకు ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు. ఇది ఆఫీసు విరామంలో రాస్తున్నాను, క్యాబ్ వచ్చే వేళవుతోంది.