వారపు సెలవు, వెళ్ళే వేళ, నిలబడే చోటు: మన దేశపు కట్టడాలు చూడటంపై చర్చ

బాటసారి:
వందల మైళ్ళు వెళ్ళి, తలుపులు మూసి ఉంటే వెనక్కి తిరిగేవాళ్ళు చాలామంది. తెరిచి ఉన్నా ఏ వేళకు ఎక్కడ నిలబడాలో తెలియక అసలు విశేషం చూడకుండానే వచ్చేస్తారు. బాగా తెలిసినవాళ్ళు ఒక్కో చోటు గురించి పనికొచ్చే సంగతులు రాయండి. ప్రయాణ కథలు వద్దండి. ముందు వారపు సెలవులు తేల్చుకుందాం.

రాతిగోడ:
తాజ్ మహల్‌కు శుక్రవారం సెలవు. ఆవరణలో మసీదు ఉంది కాబట్టి ఆ రోజు నమాజుకు వచ్చేవాళ్ళకే ప్రవేశం. ఢిల్లీ ఎర్రకోట, జాతీయ మ్యూజియం, కలకత్తా ఇండియన్ మ్యూజియం సోమవారం మూస్తారు. మన సాలార్‌జంగ్‌కీ, చెన్నై ఎగ్మోరు మ్యూజియానికీ శుక్రవారం. అమరావతి, నాగార్జునకొండ లాంటి పురావస్తు శాఖ మ్యూజియాలకూ శుక్రవారమే.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం అజంతా, ఎల్లోరా దగ్గర. అజంతాకు సోమవారం సెలవు, ఎల్లోరాకు మంగళవారం. సోమవారం దిగినవాళ్ళు ఆ రోజు ఎల్లోరా, మర్నాడు అజంతా పెట్టుకుంటే రెండూ దొరుకుతాయి. వరస తిరగేశారంటే రెండు రోజులూ మూసిన గేటే.

వెన్నెల_పిచ్చి:
వెన్నెల్లో తాజ్ చూడాలనుకునేవాళ్ళకు: పున్నమి, దానికి ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు, మొత్తం ఐదు. వాటిలో శుక్రవారం పడితే అది పోతుంది, రంజాన్ నెలలో అసలు ఉండదు. ఒక్కో జట్టులో 50 మంది, అరగంట సమయం. టికెట్ ముందు రోజే తీసుకోవాలి. సమాధి దగ్గరికి పోనివ్వరు, దూరాన ఎర్రరాతి అరుగు మీది నుంచే చూడాలి. పాలరాతి చెక్కడం దగ్గరగా చూడాలనుకుంటే పగటి పూటే వెళ్ళండి.

గుహలదారి:
అజంతా, ఎల్లోరాలకు వేళ కూడా వేరు. ఎల్లోరా కొండ ముఖం పడమరకు ఉంటుంది. ఉదయం గుహల ముందు భాగం నీడలో ఉండి, మధ్యాహ్నం దాటాక ఎండ లోపలికి పడుతుంది. కైలాస గుడికి (16వ గుహ) ఆ వెలుగే కావాలి. 8వ శతాబ్దంలో రాష్ట్రకూట కృష్ణుడు మొదటివాడి కాలంలో కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు, రాయి మీద రాయి పేర్చింది కాదు. ఆ సంగతి కింద నిలబడితే బోధపడదు. గుహకు కుడి పక్కన కొండ మీదికి పోయే బాట ఉంది. ముందు అది ఎక్కండి. చుట్టూ నిట్టనిలువుగా కోసిన గోడలు, మధ్యలో వదిలేసిన రాయే గుడి, దాని కప్పు మీద సింహాలు, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. తర్వాత దిగి లోపలికి వెళ్తే ప్రతి ఏనుగూ ఆ కొండలో ముక్కేనని అర్థమవుతుంది. అంచు దగ్గర జాగ్రత్త, వానాకాలం జారుతుంది.

ఎల్లోరాలో 34 గుహలు. 1 నుంచి 12 బౌద్ధం, 13 నుంచి 29 హైందవం, 30 నుంచి 34 జైనం. ఒక్క పూటే ఉంటే 16, 10, 32 చూసుకుంటే మూడు మతాల పనితనమూ దొరికినట్టే.

అజంతాకు పొద్దున్నే వెళ్ళాలి. సొంత బండి ఫర్దాపూర్ దగ్గరే ఆపేస్తారు, అక్కడి నుంచి సుమారు 4 కిలోమీటర్లు వాళ్ళ బస్సే. ఆ సమయం లెక్కలో వేసుకోండి.

కలంకారి_కన్ను:
గుహలదారి గారు బొమ్మల సంగతి వదిలేశారు, అది నేను చెప్తాను. అజంతాలో చిత్రాలకు ముఖ్యమైనవి 1, 2, 16, 17. మొదటి గుహలో గర్భగుడికి ఎడమ పక్కన పద్మపాణి, కుడి పక్కన వజ్రపాణి, ఇద్దరూ బోధిసత్త్వులు.

ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనపడదు. చాలామంది ఒక నిమిషం చూసి "చీకటి, అంతా చెరిగిపోయింది" అనుకుని బయటికి వస్తారు. ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి, ఫోన్ తెర వెలిగించకండి. కన్ను అలవాటు పడ్డాక ముందు పద్మపాణి కిరీటం తేలుతుంది, తర్వాత వాలిన కనుబొమల గీత, ఆ తర్వాత చేతిలో పువ్వు. ఆ గీత ఎక్కడా తడబడదు, చూస్తే మీకే తెలుస్తుంది. ఫ్లాష్ నిషిద్ధం.

ఇవి తడి సున్నం మీద వేసినవి కావు. మట్టి, ఊక, పీచు కలిపిన పూత మీద పలచగా సున్నం, అది ఆరాక రంగు. అందుకే తేమకు తట్టుకోలేవు. పెచ్చులు కట్టిన పూతను నిలబెట్టడానికి 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నిపుణులను పిలిపించింది. అప్పుడు పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పచ్చబడింది. కొన్నిచోట్ల కనిపించే పసుపు మసక ఆ వార్నిష్‌దే, చిత్రకారుడి రంగు కాదు.

బాటసారి:
ఇలాంటివే కావాలండీ. జైపూర్ జంతర్ మంతర్ గురించి ఎవరైనా రాస్తారా? అక్కడి పెద్ద నీడ గడియారం తప్పు చూపిస్తుందని చాలామంది రాస్తుంటారు.

నీడగంట:
తప్పు చూపించదు. చేతి గడియారం చూపేది దేశమంతటికీ ఒకే సమయం, 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ పెద్ద నీడ గడియారం, అంటే సమ్రాట్ యంత్రం, చూపేది జైపూర్ సూర్యుడి సమయం. జైపూర్ రేఖాంశం సుమారు 75.8, తేడా 6.7 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు 27 నిమిషాలు వెనక. ఇది ఏడాది పొడుగునా ఉండే తేడా.

దీని మీద రుతువును బట్టి ఇంకో సవరణ. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు, పైగా భూమి ఇరుసు వాలి ఉంది. అందువల్ల ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు మరో 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. మీ గడియారంలో సరిగ్గా పన్నెండైనప్పుడు యంత్రం మీద ఫిబ్రవరి మధ్యలో సుమారు 11:19, నవంబరు మొదట్లో 11:49 ఉండాలి. ఏప్రిల్ మధ్యలో రెండో సవరణ సున్నా, 27 నిమిషాలు కలిపితే చాలు.

చూసే పద్ధతి: మధ్యలో మెట్లున్న వాలు గోడ ఎత్తు 27 మీటర్లు. దాని వాలు జైపూర్ అక్షాంశమంత, అంటే దాదాపు 27 డిగ్రీలు. మెట్ల వెంట చూపు సారిస్తే ధ్రువ నక్షత్రం వైపు పోతుంది. గోడకు రెండు పక్కలా సమయం గీతలు చెక్కిన రాతి వంపులున్నాయి. పొద్దున పూట నీడ పడమటి వంపు మీద, మధ్యాహ్నం దాటాక తూర్పు వంపు మీద పడుతుంది. ఆ వంపు మీద నీడ సెకనుకు ఒక మిల్లీమీటరు పైచిలుకు జరుగుతుంది. అంచు దగ్గర వేలు పెట్టి నిమిషం ఆగితే ఆరు సెంటీమీటర్లు దాటి పోయి ఉంటుంది, కంటి ముందే కదులుతుంది.

కానీ దీని మీద సమయాన్ని రెండు సెకన్ల వరకూ చదవొచ్చని చెప్పుకుంటారు, ఆ మాట అంత తేలిగ్గా నిలవదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం. దానితో నీడ అంచు పదమూడు సెంటీమీటర్ల దాకా మసకబారుతుంది, అంటే రెండు నిమిషాల మేర. సన్నటి దారమో పుల్లో రాతికి ఒక సెంటీమీటరు పైన పట్టి, దాని నీడ మసకలో కలిసిపోయే చోటు గుర్తించాలి. అలా అయితేనే సెకన్ల లెక్కకు దగ్గరకొస్తారు. మబ్బున్న రోజు వెళ్ళి లాభం లేదు.

కోటబురుజు:
వినికిడి కట్టడాలు రెండు. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో మూల బురుజుల్లోని మెట్లు ఏడంతస్తులు ఎక్కితే గుమ్మటం లోపలి వసారాకు చేరతారు. అక్కడ ఈ గోడ నుంచి ఎదుటి గోడకు 38 మీటర్ల దాకా ఉంటుంది. నోరు గోడకు దగ్గరగా పెట్టి గుసగుసగా చెప్పండి. ఎదుటివాళ్ళు చెవి గోడకు ఆనించి వినాలి. ధ్వని వంపు గోడను అంటిపెట్టుకుని పాకుతుంది. కటకటాల దగ్గర నిలబడి మాట్లాడితే అది గుమ్మటంలోకి చెదిరి గోలగా తిరిగొస్తుంది. ఒక్క కేక అనేకసార్లు మారుమోగుతుంది కాబట్టి పది మంది పిల్లలు అరుస్తుంటే గుసగుస వినపడదు. తెల్లవారి గేటు తీసిన మొదటి అరగంటే సరైన వేళ.

గోల్కొండలో చప్పట్లు బాలా హిస్సార్ దర్వాజా దాటగానే ఉన్న గుమ్మటం నడిమధ్యలో నిలబడి కొట్టాలి. రెండడుగులు పక్కకు జరిగితే ఆ మోత రాదు. ఒకరు కొండ పైకి వెళ్ళి వింటే అసలు సంగతి తెలుస్తుంది.

గోపురం_చాటు:
తంజావూరు పెద్ద గుడి గురించి ఒక మాట. విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, నీడ నేల మీద పడదని ఇప్పటికీ చెప్తుంటారు. పడుతుంది. పొద్దునా సాయంత్రమూ ఆవరణలో పొడుగ్గా పరుచుకుంటుంది. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసిన 66 మీటర్ల విమానానికి అబద్ధపు గొప్ప అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా దర్శనం ఉండదు, పైగా ఎండకు రాతి నేల కాళ్ళు కాలుస్తుంది. మందపాటి మేజోళ్ళు దగ్గర ఉంచుకోండి. గర్భగుడి చుట్టూ ఉన్న చోళ చిత్రాల దగ్గరికి మామూలుగా పోనివ్వరు.

ఓరుగల్లు_బిడ్డ:
మన రామప్ప కూడా చేర్చండి. 1213 నాటిది, రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. చూరు కింద నల్లరాతి మదనికలే (స్త్రీ శిల్పాలే) దీని ప్రాణం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చూరు నీడ వాటి మీదే పడుతుంది. పొద్దున ఏటవాలు ఎండలో తూర్పు పక్క వాటిని చూస్తే నగల మీది సన్నటి చెక్కడం కూడా విడివిడిగా కనిపిస్తుంది. నీళ్ళలో తేలే ఇటుకలు పైన శిఖరానివి. బరువు తగ్గడానికే అలా చేశారు. కింద నిలబడి వెతక్కండి.

బాటసారి:
హంపిలో విరూపాక్ష గుడి తలకిందుల గోపురం నీడ సంగతి ఎవరికైనా తెలుసా?

నీడగంట:
అది నీడ కాదండీ, బొమ్మ. గోడలో చిన్న కన్నం, దాని వెనక చీకటి గది. బయటి గోపురం నుంచి వచ్చే వెలుగు ఆ కన్నంలో దాటుకుని ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. మబ్బుంటే పలచబడుతుంది. కన్నానికి అడ్డంగా ఎవరైనా నిలబడితే పూర్తిగా పోతుంది. తెల్ల కాగితం పట్టి కన్నం వైపుకు జరిపితే బొమ్మ చిన్నదై, ఇంకొంచెం వెలుగుగా కనిపిస్తుంది.

కోటబురుజు:
హంపిలోనే ఇంకొకటి. విఠ్ఠల గుడి సంగీత స్తంభాలను తట్టడం నిషిద్ధం. దెబ్బలకు రాయి పాడవుతోంది, గైడు తట్టి వినిపిస్తానన్నా వద్దనండి. అక్కడ తీసుకున్న టికెట్ అదే రోజు కమల మహల్ ఆవరణకూ చెల్లుతుంది, పారేయకండి.