అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికుల వాడుక మాటలు ఎక్కడ దొరుకుతాయి?

1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో మామూలు సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలు చదువుతున్నాను. మొదటిసారి యుద్ధం రుచి చూడటాన్ని వాళ్లు 'ఏనుగును చూడటం' అనేవారు. పేలను 'గ్రేబ్యాక్స్' అనేవారు. రాయిలాంటి హార్డ్‌టాక్ బిస్కెట్లకు పురుగులు పట్టేవి కాబట్టి వాటికి 'పురుగుల కోటలు' అని పేరు. వేడి కాఫీలో ముంచితే పురుగులు పైకి తేలేవి. వాటిని తీసిపారేసి, అదే కాఫీ తాగేవారు. ఎంత ఆకలో పాపం!

నాకు కావలసింది ఇంకొకటి. యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది ప్రభుత్వ పక్షాన, దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉన్నారు. వారిలో చాలామంది అంతకుముందు బానిసలు, చదువుకోనివ్వకుండా పెంచినవాళ్లు. వాళ్లు తమలో తాము వాడుకున్న మాటలు ఎక్కడైనా నమోదయ్యాయా? ఉత్తరాలైనా, పింఛను కోసం ఇచ్చిన వాంగ్మూలాలైనా సరే. తెల్ల అధికారులు రాసిపెట్టినవి కాదు, వాళ్ల సొంత గొంతు కావాలి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.