ఎత్తిన చెయ్యి దించేస్తే ఎలా? రగ్బీ లీగ్ రిఫరీ తీర్పులు, మన అనుభవాలు

పచ్చరంగు పిచ్చి (కాన్‌బెరా)

నిన్న రాత్రి మా అబ్బాయి టీవీలో పాత మ్యాచులు చూస్తూ చూస్తూ 2019 ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఫైనల్ పెట్టాడు. డెబ్భై నిమిషాలు దాటుతున్నాయనగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. ఇన్నేళ్లయినా ఆ ఘట్టం చూడలేకపోతున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1994 తరవాత మా కాన్‌బెరా రైడర్స్ ఫైనల్ చేరింది ఆ ఏడాదే. ప్రత్యర్థి సిడ్నీ రూస్టర్స్. స్కోరు 8-8. ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉంది. మావాళ్లు ఎత్తుగా తన్నిన బంతి మీదికి నలుగురైదుగురు ఎగిరారు. బంతి ఎవరికో తగిలి మావాళ్ల చేతికే వచ్చింది. రిఫరీ బెన్ కమిన్స్ చెయ్యి పైకెత్తి ఊపాడు. రూస్టర్స్ ఆటగాడికి తగిలింది కాబట్టి లెక్క మళ్లీ మొదటి నుంచి, ఇంకో ఆరు ట్యాకిళ్లు మీవే అని దాని అర్థం. (ట్యాకిల్ అంటే బంతి ఉన్నవాణ్ణి అవతలివాళ్లు పట్టి ఆపడం. ఆరుసార్లు ఆపితే బంతి వాళ్లది.) మా జాక్ వైటన్ తన్నకుండా బంతి పట్టుకుని ముందుకు పోయి ట్యాకిల్ అయ్యాడు. అప్పుడు లేదు లేదు, అదే చివరి ట్యాకిల్, బంతి ఇచ్చేయండి అన్నారు. తరవాతి నిమిషంలోనే ఎడమ అంచు వెంట బంతి లాట్రెల్ మిచెల్, డేనియల్ టుపోల మీదుగా జేమ్స్ టెడెస్కోకు అందింది. ట్రై, అంటే గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించాడు. 14-8. అయిపోయింది.

ఆ రోజు స్టేడియంలో 82 వేల పైచిలుకు జనం. మా పచ్చ చొక్కాలవాళ్లం ఉన్న వైపు ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. అసలు ఏం జరిగిందో తెలిస్తే కదా తిట్టడానికి.

మీరు కళ్లారా చూసిన ఇలాంటి తీర్పులు ఉంటే రాయండి. ఓదార్పు అక్కర్లేదు, తోడు దొంగలు కావాలి.

వెంటీ మామయ్య (వెంట్వర్త్‌విల్, సిడ్నీ)

బాబూ, నీ బాధ అర్థమైంది కానీ ఒక్క మాట. బంతి చివరగా తగిలింది మీవాళ్లకే. అంటే అంతిమ తీర్పు సరైనదే. పోటీ నడిపే లీగువాళ్లు కూడా తరవాత అదే అన్నారు.

పచ్చరంగు పిచ్చి

మామయ్యగారూ, ఆ మాట ఆ వారంలోనే లక్షసార్లు విన్నాను. తీర్పు సరైనదే, ఒప్పుకుంటాను. కానీ రిఫరీ చెయ్యి చూసే కదా ఆటగాడు నిర్ణయం తీసుకునేది! అది చివరి ట్యాకిల్ అని వైటన్‌కు తెలిసి ఉంటే గోల్ లైను వైపు తన్నేవాడు. పచ్చలైటు చూసి బండి పోనిస్తే, నడి కూడలిలో ఎర్రలైటు వేసి జరిమానా రాసినట్టుంది. ఓడిన జట్టులో ఉండి కూడా ఆ మ్యాచులో ఉత్తమ ఆటగాడి పతకం వైటన్‌కే వచ్చింది. దాన్ని ఏం చేసుకోవాలి?

ఇంకొకటి ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆట మొదట్లో మా సియా సోలియోలా వాళ్ల తన్నును అడ్డుకుంటే, ఆ బంతి మైదానంలో తిరుగుతున్న రూస్టర్స్ శిక్షణ సిబ్బందిలో ఒకాయనకు తగిలింది. ఆయన అక్కడ లేకపోతే బంతి మావాళ్లకే దొరికేది. నిబంధన ప్రకారం స్క్రమ్ (రెండు జట్లూ తలలు ఆనించి గుంపుగా నిలబడి ఆట మళ్లీ మొదలుపెట్టడం) పెట్టి బంతి రూస్టర్స్‌కు ఇచ్చారు. అదే దాడిలో వాళ్ల మొదటి ట్రై పడింది. అక్కడ రిఫరీ తప్పేమీ లేదు. నిబంధన పుస్తకమే మా మీద పడింది. సిబ్బంది మైదానంలోకి రావడం మీద ఆంక్షలు ఆ తరవాత పెట్టారు. మాకేం లాభం?

కూతగాడు (విశాఖపట్నం)

నాకు ఈ ఆట కొత్త. మొన్న ముంబైలో జరిగిన పోటీల్లో హైదరాబాద్ హీరోస్ ఆడింది ఇదేనా? ఆరు ట్యాకిళ్ల లెక్క అక్కడ కనిపించలేదే.

యార్క్‌షైర్ వాన (లీడ్స్)

కాదండీ. హైదరాబాద్ జట్టు ఆడింది రగ్బీ యూనియన్‌లో ఏడుగురి ఆట. ఇక్కడ మాట్లాడుకుంటున్నది రగ్బీ లీగ్. పదమూడు మంది, ఆరు ట్యాకిళ్లు, ఆరోదాంతో బంతి అవతలి జట్టుకు. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు ఆట కోసం కూలి డబ్బులు పోగొట్టుకున్న ఆటగాళ్లకు పరిహారం ఇవ్వాలని విడిపోయి పెట్టుకున్న ఆట ఇది. మీకు కబడ్డీ తెలుసు కాబట్టి సులువుగానే పట్టుబడుతుంది. ట్యాకిల్ అయినవాడు లేచి బంతిని మడమతో వెనక్కి దొర్లిస్తాడు, మళ్లీ మొదలు. రిఫరీ మనసులో లెక్కపెడుతూ ఉంటాడు. ఒకటి, రెండు, మూడు... ఈ పేచీల్లో సగం ఆ లెక్క దగ్గరే పుడతాయి.

టౌన్స్‌విల్ ఎండ (క్వీన్స్‌లాండ్)

లెక్క మాట ఎత్తారు కనుక ఇక ఆగలేను. 2013 సెప్టెంబరు, ఓడితే ఇంటికే అనే ఎలిమినేషన్ ఫైనల్, మా నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కూ క్రొనల్లా షార్క్స్‌కూ. షార్క్స్ తరఫున బో రయన్ వేసిన ట్రై ఏడో ట్యాకిల్ మీద వచ్చింది. ఏడు! మైదానంలో ఇద్దరు రిఫరీలు, అంచుల్లో ఇద్దరు, పైన వీడియో చూసేవాళ్లు. ఇంతమందిలో ఒక్కరికీ వేళ్లు చాలలేదు. 20-18తో ఓడిపోయాం. మా కోచ్ నీల్ హెన్రీకి అదే ఆఖరి మ్యాచు. తప్పు జరిగిందని తరవాత లీగు ఒప్పుకుంది. అప్పటికి మావాళ్లు ఇంటికొచ్చి సామాన్లు కూడా విప్పేసుకున్నారు.

వెంటీ మామయ్య

ఏడో ట్యాకిల్ మీ ఒక్కరి సొత్తు కాదు తల్లీ. మా పక్కింటాయనకు ఎనభై దాటాయి, చిన్నప్పటి నుంచీ సిడ్నీ జట్టు పారమట్టాకు అభిమాని. 1978లో మాన్లీతో సెమీఫైనల్ 13-13తో తేలకపోతే మళ్లీ ఆడించారు. ఆ రెండోసారి మాన్లీ ఏడో ట్యాకిల్ మీద ట్రై చేసి 17-11తో గెలిచింది. రిఫరీ గ్రెగ్ హార్ట్లీ. మా పక్కింటాయనకు నిన్న తిన్న కూర గుర్తుండదు. ఆ రిఫరీ పేరు మాత్రం ఇంటిపేరుతో సహా చెబుతాడు. నేను 2006లో ఈ వీధికి వచ్చిన మొదటి వారంలో నాకు ఈ దేశం గురించి తెలిసిన మొదటి చరిత్ర అదే. కెప్టెన్ కుక్ సంగతి కూడా దాని తరవాతే.

టౌన్స్‌విల్ ఎండ

మామయ్యగారూ, మీ పక్కింటాయన కాళ్లకు దండం. కానీ నా కథ రెండో భాగం వినండి, ఇది సిగ్గుపడుతూ రాస్తున్నాను. 2022 జులై, మా ఊరి మైదానమే. వెస్ట్స్ టైగర్స్ 26-25తో ముందున్నారు. గడియారంలో మిగిలింది ఒకే ఒక్క సెకను. మావాళ్లు బంతిని పొట్టిగా తన్నారు. ఆట ముగిసింది, టైగర్స్ కౌగిలించుకుంటున్నారు. అప్పుడు మా కెప్టెన్ సమీక్ష అడిగాడు. ఆట అయిపోయాక సమీక్ష ఏమిటని నేనే అనుకున్నాను. బంకర్‌లో, అంటే వీడియో సమీక్ష గదిలో, ఉన్నవాళ్లు చూసి, బంతి వైపు పరిగెత్తుతున్న మా కైల్ ఫెల్ట్‌కు టైగర్స్ ఆటగాడు అడ్డొచ్చాడని పెనాల్టీ ఇచ్చారు. వాలెంటైన్ హోమ్స్ తన్నాడు. 27-26, గెలిచాం.

నేను అరవలేదు. చప్పట్లు కొట్టాను, నిజమే, కానీ అవి పెళ్లిలో తెలియని బంధువుకు కొట్టే చప్పట్లు. ఆ పెనాల్టీ ఇవ్వాల్సింది కాదని లీగు అధికారి గ్రాహం ఆన్స్లీ తరవాత స్పష్టంగానే చెప్పాడు. పాయింట్లు మాత్రం వెనక్కి పోలేదు. 2013లో పోయింది 2022లో వచ్చింది కదా, చెల్లుకు చెల్లు అని మా ఆయన అంటారు. నాకు అలా అనిపించదు. మా దగ్గర లాక్కున్నది షార్క్స్, మేం లాక్కున్నది టైగర్స్ దగ్గర. వాళ్లేం చేశారు పాపం?

సగం ఇంజినీరు (మెల్‌బోర్న్)

సాంకేతికత పెరిగేకొద్దీ గొడవ పోలేదు, చోటు మారింది, అంతే. వరస చూడండి. 2012లో మా ఊళ్లో జరిగిన స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాల పోటీ) మొదటి మ్యాచులో క్వీన్స్‌లాండ్ ఆటగాడు గ్రెగ్ ఇంగ్లిస్ ట్రైని వీడియో రిఫరీ ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసి మరీ ఇచ్చాడు. బంతి జారడానికి న్యూసౌత్‌వేల్స్ ఆటగాడు రాబీ ఫారా కాలు తగలడమే కారణమని. న్యూసౌత్‌వేల్స్‌వాళ్లు ఈ రోజుకీ ఒప్పుకోరు. 2016లో సిడ్నీలో బంకర్ పెట్టారు, అన్ని మైదానాల వీడియో ఒకే గదిలో చూడటానికి. 2020లో కెప్టెన్లకు సమీక్ష హక్కు ఇచ్చారు. పది సెకన్లలో అడగాలి, తప్పయితే ఆ మ్యాచుకు ఇక లేదు. అదే ఏడాది ఇద్దరు రిఫరీల పద్ధతి తీసేసి మళ్లీ ఒక్కరినే పెట్టారు.

ఈ ఆటలో బంతిని చేత్తో ముందుకు విసరడం తప్పు. ఇంత చేసినా ముందుకు విసిరిన పాస్ విషయంలో బంకర్ నోరెత్తకూడదు. ఎందుకంటే టీవీలో ముందుకు పోయినట్టు కనిపించేవన్నీ ముందుకు విసిరినవి కావు. బస్సు వేగంగా పోతుంటే మీరు ముందు సీట్లో కూర్చుని వెనక సీట్లో ఉన్న పిల్లాడికి కమలాపండు విసిరారనుకోండి. మీ చెయ్యి వదిలింది వెనక్కే. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి మాత్రం పండు కూడా బస్సుతో పాటు ముందుకే పోతుంది. పరిగెత్తేవాడి చేతిలో బంతీ అంతే. మైదానం మీద గీతలు రోడ్డు లాంటివి, వాటితో కొలిస్తే మోసపోతాం. చేతిని వదిలినప్పుడు ఎటు పోయిందన్నదే లెక్క. అది కెమెరా కోణాన్ని బట్టి మారిపోతుంది. ఇది నేను మా ఆఫీసులో ఏడాదికి నాలుగుసార్లు చెబుతాను. ఒక్కరూ నమ్మరు.

ఆక్లాండ్ అక్క

నేను చూసినది మీ అందరికన్నా పెద్దదనను కానీ, అంత ఏడుపు ఇంకెక్కడా చూడలేదు. 2017 నవంబరు, ప్రపంచకప్ సెమీఫైనల్, మౌంట్ స్మార్ట్ స్టేడియంలో టోంగా, ఇంగ్లండ్. నాతో మందుల దుకాణంలో పనిచేసే టోంగా అమ్మాయి టికెట్ ఇచ్చి లాక్కుపోయింది. స్టేడియమంతా ఎరుపు. ఆట మొదలవకముందే భక్తిగీతాలు, వేలమంది ఒకే గొంతు. మన కార్తీక దీపాల రాత్రి గోదావరి గట్టు గుర్తొచ్చింది నాకు.

డెబ్భై నిమిషాలు దాటినా టోంగా 20-0తో వెనకే. అప్పుడు మొదలైంది. ఒక ట్రై, రెండు, మూడు. 20-18. చివరి క్షణాల్లో ఆండ్రూ ఫిఫిటా గీత వైపు దూకాడు. ఇంగ్లండ్ ఆటగాడు ఇలియట్ వైట్‌హెడ్ వెనక నుంచి పట్టుకోగానే బంతి జారింది. రిఫరీ మాట్ చెక్కిన్ బంతి చేతిలోంచి ముందుకు జారిందనుకుని, అది తప్పు కాబట్టి, ఆట ఆపేశాడు. వీడియోకు పంపలేదు. అంతే.

నా పక్కన నడుముకు చాప చుట్టుకున్న పెద్దాయన, వాళ్ల సంప్రదాయ వస్త్రం అది, మూడు గంటలుగా నిలబడే ఉన్నాడు. అప్పుడు కూర్చున్నాడు. చాప ముడి సర్దుకుంటూ, సర్దుకుంటూ ఉండిపోయాడు. తరవాతి రోజుల్లో ఊరేగింపులు, సంతకాల సేకరణ, అన్నీ జరిగాయి. ఫలితం మారలేదు. నాకు గుచ్చుకునేది ఒకటే. అది ట్రై అని నేను అనను. చూసి ఉంటే కాదనే తేలేదేమో. ఒక్కసారి చూడటానికి ఏమైంది?

అయితే చెక్కిన్‌కు చంపేస్తామని బెదిరింపులు వచ్చాయని తరవాత ఆయనే చెప్పాడు. అది విన్నాక నా కోపం సగం చచ్చిపోయింది.

యార్క్‌షైర్ వాన

మా దగ్గర ఇంకో వింత ఉండేది. చాలా ఏళ్లు ఇంగ్లండ్ సూపర్ లీగ్‌లో టీవీలో వచ్చే మ్యాచులకే వీడియో రిఫరీ. శుక్రవారం మా హెడింగ్లీ మైదానంలో ప్రతి ట్రైని కూడా నాలుగు కోణాల్లో చూస్తే, అదే సాయంత్రం ఇంకో ఊళ్లో ఒక్క మనిషి కంటిచూపే దిక్కు. పాయింట్ల పట్టిక మాత్రం ఒకటే! 2024లో అన్ని మ్యాచులకూ పెట్టారు. నిజం చెబితే నాకు పాత పద్ధతే కొంత నచ్చేది. వానలో తడుస్తూ తెర మీద తీర్పు కోసం మూడు నిమిషాలు ఎదురుచూడటం కన్నా, తప్పో ఒప్పో వెంటనే తేలిపోతే పక్కవాడితో పోట్లాడుకుంటూ వెచ్చగా ఉండేది.

ఈల నా చేతిలో (బ్లాక్‌టౌన్, సిడ్నీ)

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేవాణ్ణి. నేను అవతలి గట్టు మనిషిని. మా పాప ఆడుతుంది కదా అని మూడేళ్ల కిందట పిల్లల మ్యాచులకు రిఫరీ శిక్షణ తీసుకున్నాను.

ఒక శనివారం, పదకొండేళ్లవాళ్ల మ్యాచు. లెక్కపెట్టడానికి నేను ఎడమచేతి వేళ్లు మడుస్తాను. మూడో ట్యాకిల్ తరవాత బంతి అవతలి పిల్లాడి మోకాలికి తగిలి వెనక్కొచ్చింది. కావాలని ఆడాడా, ఊరికే తగిలిందా? ఆడితే లెక్క మళ్లీ మొదలు, తగిలితే కాదు. ఊరికే తగిలిందనుకున్నాను, సరిగ్గానే అనుకున్నాను. కానీ ఆ ఆలోచనలో వేలు మడవడం మరిచిపోయాను. అంచులో ఒక తండ్రి "ఐదు! ఐదు!" అని అరుస్తున్నాడు. ఒక చిన్నవాడు నా వైపు తిరిగి, "సర్, నాలుగా ఐదా?" అని అడిగాడు. నా చేతి వైపు చూసుకుని "నాలుగు" అన్నాను. ఆ అదనపు ట్యాకిల్‌లో ట్రై పడింది. ఆ ఒక్క ట్రై తేడాతోనే మ్యాచు పోయింది.

ఆట అయ్యాక ఓడిన జట్టు పిల్లాడొకడు కరచాలనం చేస్తూ, చాలా మర్యాదగా, "సర్, ఐదు" అన్నాడు. కోపం లేదు, చిన్న దిద్దుబాటు, అంతే. వాళ్ల అమ్మ ఇచ్చిన కమలాపండు ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కారులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.

పచ్చరంగు గారూ, కమిన్స్ ఎత్తిన చెయ్యి ఎందుకు దించాడో నాకు తెలుసు. చెవిలో ఎవరో తప్పని చెప్పారు, ఆయన నమ్మాడు. నా చెవిలో చెప్పినవాడు అరిచే తండ్రి. నేను నమ్మలేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో మీరే చెప్పండి.

పచ్చరంగు పిచ్చి

నాలుగుసార్లు చదివాను. జవాబు రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. ఒకటే అడుగుతాను. ఆ పిల్లాణ్ణి మళ్లీ చూశారా?

ఈల నా చేతిలో

చూశాను. పోయిన నెల మళ్లీ వాళ్ల మ్యాచు నాకే పడింది. నాణెం ఎగరేసేటప్పుడు నా ఎడమచెయ్యి వైపు చూసి నవ్వాడు. ఇప్పుడు లెక్కకు ఒక చేతి గడియారం కొనుక్కున్నాను, నొక్కితే అంకె మారుతుంది. రెండో సగంలో దాని బ్యాటరీ అయిపోయింది.

వెంటీ మామయ్య

ఏ పార్కు నాయనా? ఈ శనివారం మా పక్కింటాయనను తీసుకొస్తాను. ఆయన లెక్క మాత్రం తప్పడు.